పరదేశంలో కాపురం: జీతం లెక్క, బాధ్యత లెక్క

సకల లోకాలను పుట్టించి, పోషిస్తున్న అల్లాహ్‌కే స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లం)పై, ఆయన కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!



సూళ్లూరుపేటలో మన చుట్టూ చూస్తే ఉపాధి కోసం ఊరు మారినవాళ్ళే ఎక్కువగా కనబడతారు. శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో పనిచేయడానికి దేశం నలుమూలల నుంచి వచ్చి ఇక్కడ కాపురాలు పెట్టినవారున్నారు. తెల్లవారకముందే రైలెక్కి చెన్నై వైపు పోయేవారున్నారు. తడ దగ్గర శ్రీసిటీ కంపెనీలకు షిఫ్టుల్లో వెళ్ళేవారున్నారు. వీరు కాక, చెన్నై విమానాశ్రయం మీదుగా సౌదీ, కువైట్, దుబాయి, ఖతర్‌లకు పోయేవారున్నారు. మన రాయలసీమలో కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచైతే కువైట్‌కు దారి దశాబ్దాల కిందటే పడింది.

ఒంటరిగా వెళ్ళిన మనిషికి రెండు మూడేళ్ళు గడిచాక ఒక ఆలోచన వస్తుంది: "భార్యాబిడ్డలను కూడా తెచ్చుకుంటే?" ఇది మంచి ఆలోచన, ధర్మసమ్మతమైన కోరిక. అయితే వెంటనే మరో ప్రశ్న ఎదురవుతుంది: "నా జీతం అందుకు సరిపోతుందా?" ఈ ప్రశ్నకు చాలామంది కాగితం మీద జవాబు వెతకరు. స్నేహితుణ్ణి అడుగుతారు, ఏజెంటును అడుగుతారు, చివరికి "అంతా అల్లాహ్ చూసుకుంటాడు" అని టికెట్టు కొనేస్తారు. అల్లాహ్ చూసుకుంటాడన్నది నిజమే. మరి ఆయన మనకు అప్పగించిన పని మనం చేశామా? ఈ నెల ఆ సంగతే ఆలోచిద్దాం.

లెక్క వేయడం దైవ నమ్మకానికి విరుద్ధం కాదు

ఒక పల్లెవాసి తన ఒంటెను కట్టేసి దైవంపై భారం వేయాలా, వదిలేసి భారం వేయాలా అని అడిగినప్పుడు, ముందు కట్టి తర్వాత భారం వేయమని దైవప్రవక్త (సల్లం) బోధించిన సంగతి మనందరికీ తెలుసు (తిర్మిజీ). పరదేశంలో సంసారం పెట్టబోయేవాడికి ఆ ఒంటె తాడు నెలవారీ ఖర్చుల కాగితమే.

మరో హదీసు కూడా మనకు తెలుసు. దైవంపై నిజమైన నమ్మకం ఉంచేవారికి, ఉదయం ఖాళీ కడుపుతో బయల్దేరి సాయంత్రం నిండు కడుపుతో తిరిగివచ్చే పక్షులకు దొరికినట్లే ఉపాధి దొరుకుతుందని మహాప్రవక్త (సల్లం) తెలియజేశారు (తిర్మిజీ). దీనికి సజీవ సాక్ష్యం మన ఇంటి పక్కనే ఉంది. ఏటా చలికాలానికి పులికాట్ సరస్సుకు ఫ్లెమింగోలు వేల సంఖ్యలో వస్తాయి. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువులో గూడబాతులు చెట్లపై గూళ్ళు కడతాయి. పిల్లలు నేలపట్టులో, వాటికి మేత పులికాట్‌లో! తల్లిదండ్రులు రోజూ ఎగిరివెళ్ళి చేపలు తెచ్చి పిల్లల నోట పెడతాయి. అవి ఎక్కడబడితే అక్కడ గూడు కట్టవు. నీరు, చెట్టు, అందేంత దూరంలో మేత ఉన్న చోటే కడతాయి. నీరు తగ్గే కాలానికి తిరిగి వెళ్ళిపోతాయి. హదీసులోని పక్షి గూట్లో కూర్చోలేదు, బయల్దేరింది. ఎక్కడికి బయల్దేరాలో కూడా దానికి తెలుసు. ఆ తెలివిని పక్షికి ఇచ్చిన ప్రభువే మనిషికి లెక్క నేర్పాడు.

యూసుఫ్ ప్రవక్త (అలై) వృత్తాంతం చదవండి. ఏడేళ్ళ పంట, ఏడేళ్ళ కరువు గురించి రాజు కలకు అర్థం చెప్పి ఆయన అంతటితో ఊరుకోలేదు. పండినదాంట్లో తినడానికి కావలసిన కొంచెమే తీసి, మిగతాది వెన్నులతోనే నిల్వచేయమని ఉపాయం కూడా చెప్పారు (యూసుఫ్ అధ్యాయం, 47-49). ఒక దేశం మొత్తానికి రాబడి, ఖర్చు, నిల్వ లెక్క వేసినవారు ప్రవక్తే అయినప్పుడు, నాలుగు ప్రాణాల సంసారానికి లెక్క వేయడం విశ్వాస లోపం ఎలా అవుతుంది?

మద్‌యన్‌లో మూసా (అలై) కుదుర్చుకున్న ఒప్పందం

పరాయి దేశంలో ఉపాధి, కుటుంబం రెండూ ఒకేసారి దొరికిన ప్రవక్త మూసా (అలై). ఈజిప్టు నుంచి ప్రాణభయంతో మద్‌యన్ చేరుకున్నారు. చేతిలో చిల్లిగవ్వ లేదు, తెలిసినవారు లేరు. బావి దగ్గర ఇద్దరు ఆడపిల్లల పశువులకు నీళ్ళు తోడిపెట్టి, నీడకు వెళ్ళి, తన ప్రభువు ఏ మేలు పంపినా తనకు దాని అవసరం ఉందని వేడుకున్నారు. ఆ పిల్లల తండ్రి పిలిపించి, కూతురినిచ్చి వివాహం చేస్తానన్నాడు. అందుకు ఎనిమిదేళ్ళు తన దగ్గర పనిచేయాలన్నాడు. పదేళ్ళు పూర్తిచేస్తే అది మూసా (అలై) ఇష్టం. తనను కష్టపెట్టాలన్న ఉద్దేశం తనకు లేదని కూడా చెప్పాడు. మూసా (అలై) ఒప్పుకుంటూ, ఆ రెండు గడువుల్లో ఏది పూర్తిచేసినా ఆపై తనను బలవంతం చేయకూడదని స్పష్టం చేసుకుని, ఆ మాటకు అల్లాహ్‌ను సాక్షిగా పెట్టుకున్నారు (అల్ ఖసస్ అధ్యాయం, 24-28).

సోదరులారా, ఆకలితో, భయంతో ఉన్న మనిషి కదా! "ఏదో ఒకటి, ముందు తల దాచుకుంటే చాలు" అనుకోవచ్చు. కానీ ఆయన పని ఏమిటి, ప్రతిఫలం ఏమిటి, గడువు ఎంత అన్నవి తేల్చుకున్నాకే పనిలో దిగారు. గడువు పూర్తయ్యాక తన ఇల్లాలిని వెంటబెట్టుకుని ప్రయాణమయ్యారని మరుసటి వాక్యం చెబుతోంది.

మరి ఈనాడు మనం? "జీతం అయిదు వేల రియాళ్ళు" అన్న ఒక్క మాట విని సంతకం పెట్టేస్తాం. అందులో మూలవేతనం ఎంత? ఇంటి బాడుగ అందులోనే కలిసి ఉందా, వేరుగా ఇస్తారా? ఓవర్‌టైమ్ కలిపి చెప్పిన అంకె కాదు కదా? టికెట్టు ఒక్కరికా, కుటుంబానికా? వైద్య బీమా భార్యాబిడ్డలకు కూడా వర్తిస్తుందా? ఉద్యోగం వదిలేనాడు వచ్చే మొత్తాన్ని దేన్నిబట్టి లెక్కగడతారు? ఉదాహరణకు, ఎమిరేట్స్‌లో ఆ మొత్తాన్ని మూలవేతనం మీదే లెక్కిస్తారు: మొదటి అయిదేళ్ళలో ఏడాదికి 21 రోజుల చొప్పున, ఆపై ఏడాదికి 30 రోజుల చొప్పున. మూలవేతనం తక్కువ రాసి, భత్యాలు ఎక్కువ చూపితే చివర్లో చేతికొచ్చేది తగ్గిపోతుంది. దివ్య ఖుర్‌ఆన్‌లోని అతి పొడవైన వాక్యం అప్పును రాసిపెట్టుకోవడం గురించే (అల్ బఖరా, 282). డబ్బు విషయంలో నోటిమాట కంటే రాత మేలని మనకు నేర్పినవాడు అల్లాహ్.

రూపాయల్లో చూసే చూపు మోసం చేస్తుంది

మన ఊళ్ళో ఎవరైనా గల్ఫ్ నుంచి వస్తే మొదటి ప్రశ్న, "జీతమెంత?" రెండో ప్రశ్న, "మన డబ్బుల్లో ఎంత?" అయిదు వేల రియాళ్ళు అనగానే, రియాల్ ఇరవై మూడు రూపాయలనుకుంటే, 1,15,000 అని నోటిలెక్క వేసేస్తాం. లక్ష దాటింది! ఇక భయమెందుకు?

ఇక్కడే పొరపాటు జరుగుతోంది. రియాల్‌ను రూపాయిగా మార్చవలసింది ఇంటికి పంపే డబ్బు విషయంలోనే. అక్కడ ఖర్చయ్యే రియాల్ రియాలే. ఒంటరిగా ఉన్నవాడు జీతంలో అధిక భాగం పంపుతాడు కాబట్టి అతనికి రూపాయి లెక్క కొంతవరకు నిజం. కుటుంబాన్ని తీసుకెళ్ళినవాడి జీతం అక్కడే బాడుగకు, బడికి, సరుకులకు ఖర్చవుతుంది. అతనికి ఆ లక్షా పదిహేను వేలు కాగితం మీది అంకె మాత్రమే.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ చెప్పుకుందాం. శ్రీహరికోట నుంచి పైకి లేచే పీఎస్‌ఎల్‌వీ రాకెట్ బరువు నేల మీద సుమారు 320 టన్నులు. అది ధ్రువ కక్ష్యకు చేర్చగల ఉపగ్రహం బరువు సుమారు 1,750 కిలోలు, అంటే రెండు టన్నులు కూడా లేదు. మిగిలిన బరువంతా దారిలోనే కాలిపోతుంది, రాలిపోతుంది. అక్కడి శాస్త్రజ్ఞులు చివరికి పైకి చేరవలసింది ఎంతో ముందు తేల్చుకుని, అందుకు ఎంత ఇంధనం కావాలో లెక్కిస్తారు. జీతం లెక్క కూడా అలాగే చివరి నుంచి మొదలుపెట్టాలి. నెలాఖరున ఏయే హక్కులు తీరాలో ముందు రాసుకుని, అందుకు ఎంత జీతం కావాలో వెనక్కి లెక్కించాలి.

ఒక లెక్క వేసి చూద్దాం

భార్య, బడికి వెళ్ళే ఇద్దరు పిల్లలు ఉన్న ఒక సోదరుడికి సౌదీలో 5,000 రియాళ్ళ జీతం అనుకుందాం. కింది అంకెలు పద్ధతి అర్థం కావడానికి వేసినవి. ఊరినిబట్టి, కంపెనీనిబట్టి ఇవి మారతాయి. మీ అంకెలు మీరే కనుక్కుని వేసుకోవాలి.

ఇంటి బాడుగ నెలకు 1,500. ఇద్దరు పిల్లల బడి, బస్సు 700. సరుకులు 1,100. కరెంటు, నీళ్ళు, ఫోను 250. రాకపోకలు 350. ఇంతవరకు అందరూ వేసే లెక్కే. చాలామంది మరిచిపోయేది దీని తర్వాతది. సౌదీ ప్రభుత్వం 2017 జులైలో, విదేశీ ఉద్యోగిపై ఆధారపడి ఉండే ప్రతి కుటుంబ సభ్యునికి నెలకు 100 రియాళ్ళ రుసుము పెట్టింది. ఏటా వందేసి పెంచుతూ 2020 జులై నాటికి దాన్ని 400 చేసింది. భార్య, ఇద్దరు పిల్లలు ముగ్గురికీ కలిపి నెలకు 1,200. ఏడాదికి 14,400. దీన్ని ఇఖామా రెన్యువల్ సమయంలో ముందుగా కట్టవలసి వస్తుంది. ఈ రుసుము పెరుగుతూ పోయిన ఆ ఏళ్ళలో ఎన్నో కుటుంబాలు భార్యాబిడ్డలను తిరిగి స్వదేశానికి పంపేశాయి. వీటికి తోడు 2018 జనవరిలో అక్కడ 5 శాతంతో మొదలైన వ్యాట్ 2020 జులైలో 15 శాతమైంది. అంటే సరుకుల ఖర్చు కూడా పాత మిత్రులు చెప్పిన అంకె కాదు.

ఇప్పుడు కూడండి: 5,100. జీతం కన్నా వంద ఎక్కువ! ఇంకా ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు ఒక్క రియాల్ పంపలేదు. వెళ్ళడానికి చేసిన బాకీ తీర్చలేదు. సెలవులకు ఊరికి వచ్చే టికెట్లు కొనలేదు.

తల్లిదండ్రులకు 400, బాకీకి 400, నలుగురి రానుపోను టికెట్లకు ఏడాదికి 6,000 అనుకుంటే నెలకు 500. మొత్తం 6,400. అనుకోని రోగం, ఉద్యోగం పోవడం లాంటి వాటికి నెలకు 600 పక్కన పెడితే 7,000. అంటే ఈ కుటుంబానికి కావలసిన జీతం ఏడు వేలు. అయిదు వేలకు, ఏడు వేలకు మధ్యనున్న ఆ రెండు వేలు ఎక్కడి నుంచి వస్తాయి? అప్పు నుంచి, లేదా ఎవరో ఒకరి హక్కును కొయ్యడం నుంచి.

ఇదే లెక్కను ఇంకో వైపు నుంచి చూడండి. కంపెనీ ఇల్లు ఇచ్చి, కుటుంబానికి టికెట్లు కూడా ఇస్తే, 1,500, 500 కలిపి రెండు వేలు తగ్గిపోతాయి. అప్పుడు అదే అయిదు వేల జీతం సరిపోతుంది. కాబట్టి జీతం అంకె ఒక్కటే చూసి మంచి ఉద్యోగమనీ, చెడ్డ ఉద్యోగమనీ చెప్పలేం. ఒప్పందంలోని మిగతా పంక్తులు చదివితేనే తెలుస్తుంది.

ఇదే సోదరుడు కంపెనీ గదిలో ఒంటరిగా ఉండి తిండికి 600, ఇతర ఖర్చులకు 300 పెట్టుకుంటే 4,100 మిగులుతాయి. ఇంటికి 94,300 రూపాయలు చేరతాయి. డబ్బు పరంగా ఇది లాభమే. కానీ దీనికీ ఒక వెల ఉంది. దాని గురించి ముందు చెప్పుకుందాం.

ప్రభుత్వం పెట్టిన హద్దు, కుటుంబానికి చాలే హద్దు

"మనకు ఫ్యామిలీ వీసా అర్హత ఉంది" అనగానే జీతం సరిపోతుందని కొందరు భావిస్తారు. ఎమిరేట్స్ 2019లో తెచ్చిన నియమం ప్రకారం 4,000 దిర్హాముల జీతం, లేదా 3,000 దిర్హాములతోపాటు వసతి ఉన్నవారు కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు. కువైట్ 2024 జనవరిలో కుటుంబ వీసాలను తిరిగి ప్రారంభించినప్పుడు 800 దినార్ల జీతం ఉండాలని నిర్ణయించింది. ఒక దేశం తక్కువ హద్దు పెట్టింది, మరో దేశం ఎక్కువ హద్దు పెట్టింది. రెండూ ఆయా ప్రభుత్వాలు తమ అవసరాలనుబట్టి పెట్టుకున్నవి. మీ పిల్లవాడి బడి ఫీజు, మీ అమ్మగారి మందుల ఖర్చు వాళ్ళకేం తెలుసు? వీసా హద్దు గుమ్మం దాకా తీసుకెళ్తుంది. ఇల్లు గడవడం వేరే సంగతి. ఇలాంటి నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి, బయల్దేరే ముందు ఆ దేశపు అధికారిక వర్గాల నుంచే కనుక్కోవాలి.

ఆలుబిడ్డల హక్కు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పోషించవలసినవారిని పాడుచేయడం మనిషిని పాపాత్ముణ్ణి చేయడానికి చాలునని దైవప్రవక్త (సల్లం) హెచ్చరించారు (అబూదావూద్). అలాగే, భార్య నోటికి అందించే ముద్దకు కూడా పుణ్యం ఉందని హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు శుభవార్త చెప్పారు (బుఖారీ). ఒకవైపు హెచ్చరిక, మరోవైపు శుభవార్త. ఇంటి ఖర్చు లెక్క ఈ రెంటి మధ్య రాసే కాగితం. అది ఆరాధనలో భాగమని గుర్తుంచుకోండి.

స్తోమత గలవాడు తన స్తోమత కొద్దీ, ఉపాధి కొలిచి ఇవ్వబడినవాడు తనకిచ్చినదాంట్లో నుంచే ఖర్చు చేయాలనీ, ఎవరికీ ఇచ్చినదానికి మించిన భారం అల్లాహ్ వేయడనీ ఖుర్‌ఆన్ బోధిస్తోంది (అత్తలాఖ్, 7). ఎంత చల్లని మాట! తక్కువ జీతం వచ్చేవాడు దోషి కాడు. కానీ అల్లాహ్ వేయని భారాన్ని మనమే నెత్తికెత్తుకోవడం మాత్రం తెలివి కాదు. పక్కింటివాళ్ళు సంసారం తీసుకెళ్ళారని మనం తీసుకెళ్ళి, అక్కడ ఒక గదిని తెరకట్టి ఇద్దరు పంచుకుని, పిల్లలను బడి మాన్పించి, ఇల్లాలిని నాలుగు గోడల మధ్య ఉంచితే అది స్తోమత కొద్దీ ఖర్చు చేయడం కాదు.

అలాగని డబ్బు మిగులుతుందని ఏళ్ళ తరబడి ఒంటరిగా ఉండిపోవడం కూడా ఆదర్శం కాదు. హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి మదీనా వీధుల్లో తిరుగుతుండగా, సైన్యంలోకి వెళ్ళిన భర్త కోసం ఒక స్త్రీ పడుతున్న వేదన ఆయన చెవినపడింది. ఆయన తన కుమార్తె, విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి)ను అడిగి తెలుసుకుని, సైనికులు ఇంటికి దూరంగా ఉండే కాలానికి హద్దు పెట్టారు. ఆ హద్దు కొన్ని ఉల్లేఖనాల్లో నాలుగు నెలలని, మరికొన్నిటిలో ఆరు నెలలని ఉంది. ఒక మహాసామ్రాజ్యానికి ఖలీఫా అయిన మనిషి, ఇంట్లో ఎదురుచూసే ఇల్లాలి కష్టాన్ని రాజ్యం లెక్కలో చేర్చారు. మనం మన ఇంటి లెక్కలో చేర్చకపోతే ఎలా? తండ్రి ఫోనులోని ముఖంగానే తెలిసిన పిల్లలు మన వీధుల్లో ఎంతమంది లేరు? 94,300 రూపాయల వెల ఇదే. ప్రయాణం యాతనలో ఒక భాగమనీ, పని పూర్తవగానే త్వరగా ఆలుబిడ్డల దగ్గరికి చేరుకోవాలనీ ప్రవక్త (సల్లం) ఉద్బోధించారు (బుఖారీ).

మరి ఏం చేయాలి? దీనికి అందరికీ ఒకే జవాబు లేదు. లెక్క కలిసే ఇంట్లో కుటుంబాన్ని తీసుకెళ్ళడమే మేలు. లెక్క కలవని ఇంట్లో, మిగిలే డబ్బు దేనికో పేరు పెట్టి, ఎన్నేళ్ళో గడువు పెట్టి ఒంటరిగా ఉండాలి. "బాకీ తీరాలి, ఇంటి పైకప్పు పడాలి, మూడేళ్ళు" అని గడువు ఉండాలి. మూసా (అలై) ఒప్పందంలో కూడా గడువు ఉంది కదా! గడువు లేని ఎడబాటు కుటుంబాన్ని నెమ్మదిగా తినేస్తుంది. ఇక రెండూ కుదరకపోతే, ఊళ్ళో ఉండడం ఓటమి కాదు. శ్రీసిటీలో పాతిక వేలు తెచ్చుకుంటూ సొంత ఇంట్లో, తల్లిదండ్రుల కళ్ళముందు, పిల్లలతో కలిసి ఇషా నమాజు చేసుకునేవాడు గల్ఫ్‌లో నెలకు వంద రియాళ్ళు అప్పు చేసేవాడికంటే ధనవంతుడు.

ఇల్లాలిని అడిగారా?

ఈ లెక్క ఒక్కరే కూర్చుని వేసేది కాదు. పసిబిడ్డకు పాలు మాన్పించే విషయంలో కూడా తల్లిదండ్రులు ఇద్దరూ పరస్పర అంగీకారంతో, సంప్రదింపులతో నిర్ణయించుకోవాలని ఖుర్‌ఆన్ చెబుతోంది. పోషణ బాధ్యత తండ్రిదని చెప్పింది కూడా ఆ వాక్యంలోనే (అల్ బఖరా, 233). పాలు మాన్పించడానికే సంప్రదింపు కావాలంటే, దేశం మారడానికి అక్కర్లేదా? ఖర్చు పెట్టేది భర్త కాబట్టి నిర్ణయం కూడా అతనొక్కడిదే అనుకోవడానికి ఈ వాక్యం వీలివ్వదు.

ఇల్లాలు ఇక్కడ బడిలో పాఠాలు చెబుతుంటే, మిషను కుడుతుంటే ఆ సంపాదన అక్కడ ఆగిపోతుంది. దాన్ని కూడా ఖర్చు వైపు రాయాలి. అది ఆమె సొమ్ము, దానిపై హక్కు ఆమెదే అని కూడా మరవకూడదు. పిల్లల చదువు ఏ తరగతిలో ఉంది? తిరిగి వచ్చేసరికి వాళ్ళు ఏ బడిలో చేరాలి? పుట్టింట్లో ఆమె తల్లి ఆరోగ్యం ఎలా ఉంది? ఈ ప్రశ్నలు వేయగలిగింది ఆమే. ఆమె వేసే ప్రశ్నలను ఆటంకాలుగా చూడకండి, వాటిలో అల్లాహ్ శుభం పెట్టి ఉండవచ్చు.

తల్లిదండ్రులనూ అడగాలి. ధర్మపోరాటానికి వెళ్తానని వచ్చిన ఒక వ్యక్తిని, తల్లిదండ్రులు బతికే ఉన్నారా అని ప్రవక్త (సల్లం) అడిగి, వారి సేవలోనే పాటుపడమని పంపేశారు (బుఖారీ). వారిని చూసుకోవడానికి ఊళ్ళో తోబుట్టువులు ఉన్నారా, నెలనెలా పంపే డబ్బుతోనే తీరే అవసరమా, పక్కన మనిషే కావాలా? ఇదీ లెక్కలో భాగమే.

అప్పు చేసి బయల్దేరే వారితో

నమాజులో అప్పు నుంచి శరణు వేడుతున్న ప్రవక్త (సల్లం)ను, అప్పు గురించి ఇంతగా ఎందుకు శరణు కోరతారని ఒకరు అడిగారు. అప్పులపాలైన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడు, మాట ఇస్తే తప్పుతాడు అని ఆయన కారణం చెప్పారు (బుఖారీ). వడ్డీ సంగతి చెప్పనే అక్కర్లేదు. దాన్ని అల్లాహ్ నిషిద్ధం చేశాడు. ధర్మం మాట అటుంచి లెక్క చూసినా తెలుస్తుంది. లక్షా యాభై వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 4,500, ఏడాదికి 54,000. అసలు అలాగే ఉంటుంది. హలాల్ సంపాదన కోసం బయల్దేరిన ప్రయాణానికి మొదటి అడుగే హరామ్ మీద పడితే శుభం ఎక్కడి నుంచి వస్తుంది? నగ అమ్మవలసి వచ్చినా, బంధువుల దగ్గర వడ్డీ లేని బదులు తీసుకున్నా, మరో ఆరు నెలలు ఆగినా ఇంతకంటే మేలే.

ఇంత అప్పు అసలు ఎందుకవుతోందో కూడా చూడాలి. మన దేశ నియమాల ప్రకారం, రిజిస్టరు అయిన ఏజెంటు తీసుకోగల గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఇంతకుమించి అడిగేవాడి మాట నమ్మకండి, రసీదు లేనిదే డబ్బివ్వకండి. గల్ఫ్‌తో సహా 18 దేశాలకు ఈసీఆర్ పాస్‌పోర్టుపై ఉద్యోగానికి వెళ్ళేవారికి ఎమిగ్రేషన్ అనుమతి, 10 లక్షల ప్రమాద బీమాతో ప్రవాసీ భారతీయ బీమా ఉండాలి. ఇవి మన మేలు కోసం ఉన్న నియమాలు. విజిట్ వీసాపై వెళ్ళి అక్కడ చూసుకుందామనుకునేవారు ఈ రక్షణలన్నీ వదులుకుని పోతున్నారు.

తిరుగు దారికి కూడా సరిపడా దాచుకోండి

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా డెబ్భై వేల మందికి పైగా భారతీయులు ఉన్నపళంగా ఇంటిదారి పట్టారు. 2013లో సౌదీ నితాఖత్ విధానాన్ని గట్టిగా అమలు చేసినప్పుడు ఎందరో తిరిగివచ్చారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఉద్యోగాలు పోయినవారిని తీసుకురావడానికి మే 7 నుంచి వందే భారత్ విమానాలు నడిచాయి. ఏ తరానికైనా ఒకసారి ఈ పరీక్ష వస్తోంది. ఒంటరి మనిషి ఒక సంచితో విమానం ఎక్కగలడు. నలుగురి సంసారానికి నాలుగు టికెట్లు, కట్టని బాడుగ, కట్టని రుసుములు అడ్డు నిలుస్తాయి. అందుకే కుటుంబంతో వెళ్ళేవాడు కనీసం మూడు నెలల ఖర్చు, తిరుగు టికెట్ల డబ్బు ముట్టుకోకుండా ఉంచాలి. యూసుఫ్ (అలై) నేర్పిన నిల్వ ఇదే. ఆ నిల్వ నిసాబ్‌కు చేరి ఏడాది గడిస్తే నూటికి రెండున్నర వంతు జకాత్ ఉందని మరవకండి. పేదల హక్కు తీసిన ధనం తగ్గదు.

ముందు బజారు, తర్వాత ఇల్లు

మక్కా నుంచి వట్టి చేతులతో మదీనా చేరిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు, అన్సారీ సోదరుడు సాద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన ఆ సోదరుడికి శుభం కోరి, బజారు ఎక్కడుందో చూపించమన్నారు. పన్నీరు, నెయ్యి వ్యాపారంతో మొదలుపెట్టారు. కొద్దికాలానికి బట్టలపై పెళ్ళి సుగంధంతో కనబడ్డారు (బుఖారీ). ఈ వరుస గమనించండి: ముందు బజారు, తర్వాత కాపురం. పరదేశంలో అడుగుపెట్టిన మన యువకులకు ఈ వరుసే దారి. మొదటి ఏడాది ఒంటరిగా ఉండి ఉద్యోగం నిలబడుతుందో లేదో చూడండి, కంపెనీ జీతం నెలనెలా వేస్తోందో లేదో చూడండి, బాకీ తీర్చండి, బాడుగలూ బడి ఫీజులూ స్వయంగా కనుక్కోండి. ఆ తర్వాత ఇల్లాలితో కూర్చుని కాగితం మీద లెక్క వేయండి. లెక్క కుదిరితే ఇస్తిఖారా నమాజు చేసి బయల్దేరండి. కుదరకపోతే అదే నమాజు చేసి ఆగిపోండి.

ఖర్చులో దుబారా చేయనివారు, పిసినారితనం చూపనివారు, ఈ రెంటి మధ్య నిలకడగా ఉండేవారు కరుణామయుని నిజ దాసులని ఖుర్‌ఆన్ వర్ణిస్తోంది (అల్ ఫుర్ఖాన్, 67). ఆ మధ్య దారి ఏ ఊళ్ళో నడిచినా ఒకటే, సూళ్లూరుపేటలోనైనా, రియాద్‌లోనైనా. ప్రళయదినాన మన సంపాదన ఎంతని అడగరు. ఎక్కడి నుంచి తెచ్చావు, దేనికి ఖర్చు చేశావని అడుగుతారు. ఆ రెండు ప్రశ్నలకు జవాబు రాసుకునే కాగితం ఇప్పుడు మన చేతిలోనే ఉంది.

ఓ అల్లాహ్! మా ఉపాధిలో శుభం ప్రసాదించు. హలాల్‌తో మమ్మల్ని సంతృప్తిపరచి హరామ్ నుంచి కాపాడు. అప్పుల భారం నుంచి, ఎడబాటు బాధ నుంచి మా కుటుంబాలను రక్షించు. పరదేశంలో చెమటోడుస్తున్న మా బిడ్డలను క్షేమంగా తల్లిదండ్రుల ఒడికి, ఆలుబిడ్డల చెంతకు చేర్చు. ఆమీన్.